నాన్న ఇంకో బోరు అంటున్నారు, ఈసారి వెయ్యి అడుగులు. డబ్బు పంపమంటారా?

బత్తాయితోట:

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా. నాన్న వ్యవసాయం చేస్తారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఏడెకరాల్లో నాలుగెకరాలు బత్తాయి, మిగతాదాంట్లో వానాకాలం పత్తి, యాసంగిలో ఎకరమో ఎకరంన్నరో వరి. తోట ఇప్పుడు మంచి కాపు మీదుంది. ఈ వయసులో చెట్టు ఎండిపోతే మళ్లీ మొక్క పెట్టి కాయ చూడాలంటే ఏళ్లు పడుతుంది, అందుకే ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

ఉన్న బోరు ఆగి ఆగి పోస్తోంది. పొద్దున మోటారు వేస్తే కాసేపు పైపు నిండుగా వస్తాయి, తర్వాత బుసబుసమని గాలి, మళ్లీ కొంచెం నీళ్లు. పక్క పొలం వాళ్లు లోతు బోరు వేశాకే మనది ఇలా అయింది కాబట్టి మనం వాళ్లకన్నా లోతుకు పోవాలి అన్నది నాన్న మాట. కొబ్బరికాయతో చూసే ఆయన్ని పిలిపించి పాయింటు కూడా పెట్టించారు, బోరుబండి వాళ్లతో మాట్లాడేశారు. తమ్ముడేమో కరెంటు మోటారు తీసేసి సబ్సిడీలో సోలార్ పెట్టిద్దాం, పగలంతా ఖర్చు లేకుండా నడుస్తుంది అంటున్నాడు. డబ్బు నేనే పంపాలి.

నాకు డబ్బు ఒక్కటే సమస్య కాదు. తాత రోజుల్లో మోట కొట్టేవాళ్లు, బావి ఎంత ఎండాకాలమైనా అడుగంటేది కాదని నానమ్మ చెప్పేది. తర్వాత ఆయిల్ ఇంజను వచ్చింది, తర్వాత కరెంటు మోటారు, ఆ తర్వాత బోరు, సబ్‌మెర్సిబుల్. కొత్త మెషీన్ వచ్చిన ప్రతిసారీ నీళ్లు ఇంకాస్త కిందికి పోయాయి. మెషీన్ వల్ల నీళ్లు పోయాయా, లేక నీళ్లు పోతున్నాయి కాబట్టి మెషీన్ తెచ్చుకున్నామా? పంపాలా వద్దా అని తేల్చుకునే ముందు ఈ సంగతి తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

రాతినేల:

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, దానికి జవాబు దొరికితే వెయ్యి అడుగుల సంగతి కూడా తేలిపోతుంది. నేను భూగర్భ జలాల సర్వే పనిలో ఉంటాను.

తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా భాగం కింద ఉన్నది గ్రానైటు, దాని జాతి రాళ్లు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉన్నట్టు లోతుకు ఇసుక పొరలు మనకు లేవు. ఈ రాయి నేలలో నీళ్లు నిలిచే చోట్లు రెండే. పైన కొన్ని మీటర్ల మందాన, లక్షల ఏళ్లుగా వానకు ఎండకు నానీ చివికీ మెత్తబడిన మొరం పొర ఉంటుంది, నీళ్లు దాచుకునేది ముఖ్యంగా అదే. దాని కింద పగుళ్ల పొర. బోరుబండి వాళ్లు గ్యాప్ తగిలింది అంటారే, అది ఇక్కడే. ఇంకా కిందికి పోయే కొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి, ఉన్నవి కూడా సన్నబడతాయి. హైదరాబాద్ పక్కన మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు, ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి బోర్లు వేసి పరీక్షించారు. అక్కడ తేలింది కూడా ఇదే, పనికొచ్చే పగుళ్లలో దాదాపు అన్నీ పై వంద మీటర్ల లోపే, అంటే సుమారు 330 అడుగుల లోపే ఉన్నాయి.

వెయ్యి అడుగుల్లో జల పడనే పడదని నేను చెప్పను. పడుతుంది, ఒక్కోసారి బాగానే పడుతుంది. కానీ ఆ పగులుకు పైనున్న మొరం పొరతో ఎక్కడో ఒకచోట దారి ఉంటేనే మళ్లీ నీళ్లు చేరతాయి. దారి లేకపోతే అందులో ఉన్నది ఏనాటిదో పాత నిల్వ, తోడితే అయిపోయింది. వేసిన కొత్తలో రెండించులు ధారగా పోసి, రెండో ఎండాకాలానికి దుమ్ము పట్టిన బోర్లు మీ ఊళ్లో కూడా ఉంటాయి, నాన్నగారినే అడగండి.

ఇక మెషీన్ల సంగతి. మోటకు ఎడ్లు ఎంత లాగితే అంతే. బావి గట్టు మీద పెట్టే మామూలు పంపుకైతే ఇంకో హద్దు ఉంది, అది నీళ్లను కింది నుంచి పీల్చుకోవాలి, లెక్కప్రకారం పది మీటర్లు, పనిలోకి వచ్చేసరికి ఏడెనిమిది మీటర్లకు మించి ఏ పంపూ పీల్చలేదు. అందుకే బావి లోపల దిమ్మె కట్టి మోటారును కిందికి దించేవాళ్లు. నీళ్లు ఇంకా తగ్గితే పంపు ఆగిపోయేది, రాత్రంతా బావి ఊరేది, పొద్దున్నే మళ్లీ తోడుకునేవాళ్లు. సబ్‌మెర్సిబుల్ పీల్చదు, నీళ్లలోనే కూర్చుని పైకి నెడుతుంది. దాంతో ఆ హద్దు పోయింది. గాలి ఒత్తిడితో రాతిని పొడి చేసే హ్యామర్ రిగ్గులు రావడంతో ఎంత గట్టి బండైనా ఒక్క రాత్రిలో వందల అడుగులు దిగిపోవడం మామూలైంది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బళ్లు తిరగని ఊరు మన దగ్గర లేదు. 2004లో ఉచిత కరెంటు వచ్చింది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇవ్వడం మొదలుపెట్టారు. వీటిలో ఏదీ దుర్మార్గంతో తెచ్చింది కాదు, ప్రతిదాని వెనకా రైతు అవసరం ఉంది. అయితే తోడడానికి ఉన్న అడ్డంకులన్నీ ఒక్కొక్కటే తొలగిపోయాయి, వాన మాత్రం పెరగలేదు.

ఈ లెక్క నాన్నగారి పక్కన కూర్చుని కాగితం మీద వేయండి. మీ జిల్లాలో సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఇలాంటి రాయి నేలలో అందులో పదో వంతు కిందికి ఇంకితే గొప్ప. 70 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే నాలుగు వేల లీటర్లు. అంటే ఎకరానికి ఏడాది మొత్తం మీద ఇంకేది 2 లక్షల 80 వేల లీటర్లు, మీ ఏడెకరాలకు సుమారు 20 లక్షలు. ఇప్పుడు యాసంగి వరి చూడండి, పంటకాలంలో 1200 మిల్లీమీటర్లు తాగుతుందని సాధారణంగా వేసే లెక్క, ఎకరానికి 48 లక్షల లీటర్లు. మడిలో నిలిచిన నీళ్లు కొంత మళ్లీ కిందికే ఇంకుతాయి, అది నిజమే. సగం వెనక్కి పోయిందనుకున్నా 24 లక్షలు. మీ ఏడెకరాలకు ఏడాదంతా కురిసిన వానలో నుంచి నేల దాచిపెట్టింది ఆ ఒక్క ఎకరం వరికి కూడా చాలడం లేదు. తోటకు దక్కాల్సిన నీళ్లు ఎటు పోతున్నాయో చూశారుగా.

బోరు ఎంత పోస్తుందో కూడా కొలవండి. రెండు వందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఫోన్లో సెకన్లు చూడటమే. వంద సెకన్లలో నిండితే సెకనుకు రెండు లీటర్లు, గంటకు 7,200. రోజుకు తొమ్మిది గంటలు నడిస్తే 64,800. ఒక ఎకరం ఏడాదంతా ఇంకించుకున్నదాన్ని అలాంటి బోరు అయిదో రోజు తిరక్కుండానే తోడేస్తుంది. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టరు పెట్టి రాత్రింబవళ్లు వదిలేస్తే రెండు రోజులు కూడా పట్టదు. మిగతా రోజులన్నీ ఆ బోరు తోడేది మీ పొలం కింద ఇంకిన నీళ్లు కాదు, చుట్టుపక్కల పొలాల కింద ఉన్నవి. పక్కవాళ్ల బోరు మీ నీళ్లు లాగుతోందన్న నాన్నగారి మాట అందుకే కొంతవరకు నిజం, మీ బోరు వాళ్లవి లాగుతోందన్నదీ అంతే నిజం.

కొబ్బరికాయ గురించి ఒక్కమాట. దాంతో నీళ్లు తెలుస్తాయనడానికి ఏ ఆధారమూ లేదు. నేలలోకి కరెంటు పంపి చూసే రెసిస్టివిటీ సర్వే చేయిస్తే మొరం పొర మందం ఎంత, గట్టిరాయి ఎక్కడ మొదలవుతుంది అన్నది బాగానే తెలుస్తుంది, కానీ ఎనిమిది వందల అడుగుల్లో ఉన్న సన్నని పగులును అది కూడా చూపించలేదు. అంత లోతులో పాయింటు ఖాయం అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఎగువరైతు:

పైన రాసినాయన లెక్క తప్పని నేననను. కానీ ఇలాంటి చర్చ ఎక్కడ జరిగినా చివరికి బోరు వేసినవాడే దోషిలా నిలబడతాడు, అది నాకు కష్టంగా ఉంటుంది.

గోదావరి మీద, కృష్ణ మీద కాటన్ దొర కాలంలో, 1850లలోనే ఆనకట్టలు కట్టారు, డెల్టాలో కాలువ నీళ్లు పారాయి. అదీ టెక్నాలజీయే, పైగా నదినే మళ్లించిన టెక్నాలజీ. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది మా నల్గొండ జిల్లా గడ్డ మీదే. డ్యామ్ పక్కనే ఉన్నా దేవరకొండ, మునుగోడు వైపు మెట్ట పొలాలకు ఆ నీళ్లు ఎక్కలేదు, నేల ఎత్తు మీద ఉంది కాబట్టి. ఎత్తిపోతలతో కొంత ఆయకట్టుకు వచ్చింది, మిగతాదానికి శ్రీశైలం నుంచి 44 కిలోమీటర్ల సొరంగం అన్నారు, అది ఇంకా పూర్తి కాలేదు, 2025 ఫిబ్రవరిలో లోపల కప్పు కూలి ఎనిమిది మంది పనివాళ్లు చిక్కుకుపోయారు. ఇన్నేళ్లు ఎదురుచూసిన మెట్ట రైతుకు, ఎవరి దయా అక్కర్లేకుండా సొంతంగా నీళ్లు చూపించింది బోరు ఒక్కటే. మా ఇంట్లో పిల్లలు కాలేజీకి వెళ్లింది, పెళ్లిళ్లు జరిగింది, ఇల్లు లేచింది ఆ నీళ్ల మీదే. ప్రకృతి, టెక్నాలజీ అంటూ మాట్లాడేటప్పుడు ఈ ముక్క వదిలేస్తే అది సగం మాటే.

ఇంకొకటి, పక్కవాడు వెయ్యి అడుగులకు పోతుంటే మీ నాన్న ఒక్కడు ఆగితే ఏమవుతుంది? మీ నాన్న ఆపిన నీళ్లను ఆ పక్కవాడు తోడుకుంటాడు, అంతకుమించి ఏమీ జరగదు. అందరూ ఆగితేనే లాభం, ఒక్కరే ఆగితే నష్టం. నీళ్లు, నేల, చెట్లను కాపాడటానికని వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. అనుమతి లేకుండా బోరు వేయకూడదు, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్తది తవ్వకూడదు అని అందులో రాసి ఉంది. రాత్రి పదింటికి బండి దిగి తెల్లారేసరికి వెళ్లిపోతుంటే ఆ చట్టం ఎవరు చూశారు? యాసంగిలో ఏ పంట వేసినా వరికిచ్చినట్టు మార్కెట్లో కొనే దిక్కుంటే వరి వేయమని రైతును ఎవరూ బలవంతం చేయక్కర్లేదు, ఆపమని బతిమాలక్కర్లేదు కూడా. కంది, పెసర, నువ్వు పండించి వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చుకున్నవాడికి తెలుస్తుంది ఆ బాధ.

డబ్బు మాత్రం అప్పు తెచ్చి పంపకు తమ్ముడూ. అడుగుకు ఇంత అని రేటు, లోతు పెరిగే కొద్దీ ఆ రేటూ పెరుగుతుంది, బోరు పైభాగంలో దించే కేసింగ్ పైపు వేరే, మోటారు వేరే, కేబుల్ వేరే. బోరు అప్పులతో కుప్పకూలిన ఇళ్లు మా మండలంలో ఉన్నాయి. దుమ్ము తప్ప ఏమీ రాకపోయినా బండి వాళ్లకు మొత్తం కట్టాల్సిందే.

చీనీచెట్టు:

మాది అనంతపురం వైపు, మీ బత్తాయే మా దగ్గర చీనీ. మీ జిల్లాలో 700 అంటున్నారు, మా దగ్గర 550 పడితే మంచి ఏడాది కింద లెక్క. కాబట్టి ఇది మేము ముందే పడిన బాధ. కరువు ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు కొని తోటలకు పోసినవాళ్లు, అయినా దక్కక చెట్లు కొట్టేసినవాళ్లు ఎంతమందో.

తోట బతకాలంటే ముందు నీళ్లు ఎండకు ఆరకుండా చూడండి. డ్రిప్ ఉందా లేదా రాయలేదు మీరు. లేకపోతే బోరుకు పెట్టే డబ్బులో చిన్న భాగంతో అది అయిపోతుంది, సబ్సిడీ ఉంది. పాదుల్లో వేరుశనగ పొట్టు గానీ వరిగడ్డి గానీ ఎండుటాకు గానీ మందంగా పరవండి. మేం పొట్టు పరిచిన చెట్ల కింద చెయ్యి పెడితే మూడోరోజు కూడా తేమ తగిలేది, పరవని చెట్ల కింద మర్నాటికే మట్టి పొడిపొడిగా ఉండేది. నీళ్లు మరీ తక్కువైన ఏడాది చిన్నగా ఉన్నప్పుడే కాయ కొంత రాల్చేయండి, ఎండుపుల్ల కత్తిరించేయండి, ఆ ఏడాది ఆదాయం తగ్గుతుంది కానీ చెట్టు నిలబడుతుంది. తెగులు పట్టి సగం చచ్చిన చెట్లుంటే వాటికి నీళ్లు ఆపేయండి, బాధగానే ఉంటుంది, అయినా తప్పదు.

డ్రిప్ గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మా ఊళ్లో డ్రిప్ వచ్చిన కొత్తలో నీళ్లు మిగులుతాయని అందరం సంబరపడ్డాం. మిగిలిన నీళ్లతో చాలామంది ఇంకో రెండెకరాలు కొత్త తోట పెట్టారు. చివరికి బోర్లు తోడేది అంతే, కొందరివి ఇంకా ఎక్కువే. వేసిన విస్తీర్ణం పెంచకుండా ఉంటేనే డ్రిప్‌తో నేలలో నీళ్లు మిగులుతాయి.

ఎగువరైతు అన్న చెప్పిన మాట, ఒక్కడు ఆగితే లాభం లేదన్నది, నూటికి నూరుపాళ్లు నిజం. మా జిల్లాలోనూ పాలమూరులోనూ కొన్ని ఊళ్లలో దీనికి ఒక దారి పట్టారు. బోర్లున్న రైతులు, లేని రైతులు ఒక ఒప్పందానికి వచ్చి బోర్లన్నిటినీ ఒకే పైపులైనుకు కలిపేశారు. బోరు లేనివాడి వేరుశనగకు, కందికి వాన మొహం చాటేసిన వారంలో ఒకటి రెండు తడులు దొరుకుతాయి, అంతకుమించి లేదు. దానికి బదులు ఎవరూ కొత్త బోరు వేయరు, వరి పెట్టరు. ఎవరి బోరు మొరాయించినా మిగతావాళ్ల నీళ్లు ఆదుకుంటాయి కాబట్టి లోతు బోరు వేయాలన్న భయం పోయింది. వాసన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు పక్కన నిలబడి చేయించాయి, వాల్వులు ఎక్కడ పెట్టాలి, ఎవరి పొలంలోంచి పైపు పోవాలి అన్నదాని మీద నెలల తరబడి పోట్లాటలు జరిగాకే కుదిరింది. మీ నాన్నగారు, ఆ పక్క పొలం ఆయన ఒకసారి టీ తాగుతూ మాట్లాడుకోగలరా? ఆయన కూడా ఇప్పుడు ఇంకా లోతుకు పోవాలనే భయంలోనే ఉండి ఉంటాడు.

వానకొలత:

నేను ప్రకాశం జిల్లా నుంచి. పైన లెక్కలు చదువుతుంటే మా ఊరి మీటింగులు గుర్తొచ్చాయి, అందుకే రాస్తున్నాను. ఏపీఫామ్స్ అని ఒక కార్యక్రమం ఉండేది, అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం ఈ ఏడు కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ సాయంతో 2000 తర్వాత చాలా ఏళ్లు నడిచింది. బత్తాయితోట గారూ, మీ జిల్లాలో కూడా ఉండేది, మీ చుట్టుపక్కల పెద్దవాళ్లను అడిగి చూడండి.

అందులో బోరు వేయొద్దని ఎవరూ చెప్పలేదు. వాన కొలిచే గేజీ ఒకటి ఊళ్లో పెట్టారు, కొన్ని బోర్లను కొలత బోర్లుగా ఎంచుకుని నీటి మట్టం చూసే టేపు ఇచ్చారు. టేపు చివర నీళ్లకు తగలగానే మోగేది, ఎన్ని మీటర్లో చదివి పుస్తకంలో రాసేవాళ్లం. ఆడవాళ్లం కూడా కొలిచేవాళ్లం. రాసింది ఊరి మధ్య గోడ మీద పెయింటుతో అందరికీ కనపడేలా మార్చుతుండేవాళ్లం, దాంతో కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు.

అసలు పని వానాకాలం అయిపోయాక, రబీ వేసే ముందు. అందరూ కూర్చునేవాళ్లం. ఈ ఏడాది ఇంత పడింది, నేలలోకి ఇంత చేరింది, తాగడానికి పశువులకు ఇంత పక్కన పెడితే మిగిలింది ఇంత. తర్వాత ఒక్కొక్కరు లేచి ఎన్నెకరాల్లో ఏం వేద్దామనుకుంటున్నారో చెప్పాలి, ఒకరు బోర్డు మీద నీళ్ల లెక్క కూడుతూ పోతారు. సగం మంది చెప్పేసరికే ఉన్న నీళ్లు అయిపోయేవి. అప్పుడు మొదలయ్యేది గోల. నువ్వు వరి తగ్గించు, నువ్వే తగ్గించు అని. ఏం వేయాలో చివరికి ఎవరిష్టం వాళ్లదే, జరిమానా లేదు, సంతకం లేదు. అయినా చాలామంది ఇంటికెళ్లి మనసు మార్చుకునేవాళ్లు, వరి బదులు శనగ వేసినవాళ్లు, కొంత బీడు వదిలేసినవాళ్లు ఉన్నారు. కోర్టు కాగితానికి భయపడని మనిషి తన చేత్తో కొలిచిన నీటి మట్టం ముందు మెత్తబడటం నేను కళ్లారా చూశాను.

టెక్నాలజీ అంటే అందరూ రిగ్గు గురించే మాట్లాడుతున్నారు, ఆ టేపు కూడా టెక్నాలజీయే కదా. నేల లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు. కనపడదు కాబట్టే మన దగ్గర ఇంత గొడవ. చెరువైతే ఎంత తగ్గిందో ఊరంతా చూస్తుంది, మెట్లు లెక్కపెడుతుంది, తూము ఎప్పుడు ఎత్తాలో నీరటికాడు చెప్తాడు. మహారాష్ట్రలో హివారే బజార్ అనే ఊరికి మా వాళ్లను చూడటానికి తీసుకెళ్లారు, అక్కడ మాకన్నా వాన తక్కువ, 400 మిల్లీమీటర్ల దగ్గర్లో. ప్రతి ఏడాదీ నీళ్ల లెక్క గ్రామసభలో చదువుతారు, సాగుకు బోరు వేయడం అక్కడ నిషేధం, బావులే. ఆ బావుల్లో నీళ్లు చూసి మా మామయ్య చాలాసేపు మాట్లాడలేదు.

మా ఊళ్లో ఆ కార్యక్రమం ఆగిపోయాక గోడ మీద అంకెలు మార్చేవాళ్లు లేరు, కొత్త బోర్లు మళ్లీ మొదలయ్యాయి. జీతం ఇచ్చి కొలిపించే పని కాదు అది, అయినా టేపు పాడైతే బాగుచేయించే దిక్కు, లెక్క తప్పితే సరిదిద్దే మనిషి ఒకరుండాలి. పంచాయతీకి ఆ కొద్దిపాటి డబ్బు ఇవ్వడానికి ప్రభుత్వాలకు మనసు రాకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

బత్తాయితోట:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఆదివారం ఊరెళ్లాను. రాతినేల గారు చెప్పినట్టు డ్రమ్ము పెట్టి కొలిచాం, సెకన్లు నాన్నే చూశారు. మోటారు వేసిన కొత్తలో నూట ముప్పై సెకన్లకు నిండింది, గంట తర్వాత మూడు వందలు దాటింది. కాగితం మీద ఎకరం వరి లెక్క వేసి చూపిస్తే నాన్న చాలాసేపు దాన్నే చూసి, మడిలో నీళ్లు మళ్లీ ఇంకుతాయి కదా అని ఆయనే అడిగారు. సగం తీసేశాం కదా నాన్నా అన్నాను. ఈ యాసంగికి వరి వద్దు, ఆ ఎకరంన్నరలో నువ్వులు చల్లుదాం అన్నారు. బండివాళ్లకు ఫోన్ చేసి ఇప్పుడే రావొద్దని చెప్పారు. ఇప్పటికైతే అంతే, మళ్లీ ఎప్పటికీ వేయను అని మాటివ్వలేదు, నేను అడగలేదు కూడా. ఎగువరైతు అన్నా, నువ్వులు అమ్మేటప్పుడు మీరు చెప్పిన బాధ మాకూ తప్పదేమో, అప్పుడు మళ్లీ అడుగుతాను.

పక్క పొలం ఆయనతో మాట్లాడటానికి నాన్నకు మొహమాటంగా ఉంది, మా బాబాయి మధ్యలో ఉండి మాట్లాడిస్తానన్నాడు.

రెండు సందేహాలు మిగిలాయి. తమ్ముడి సోలార్ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండోది, చుట్టూ ఎండిపోయిన పాత బోర్లు ఉన్నాయి, వాన నీళ్లు వాటిలోకే మళ్లిస్తే నేరుగా కిందికి పోతాయి కదా, అలా చేయొచ్చా?

రాతినేల:

సోలార్ మోటారు వల్ల పొగ లేదు, కరెంటు కోసం రాత్రిపూట పొలానికి పోయి పాము కాటుకు గురయ్యే భయం లేదు, అవి చిన్న లాభాలు కావు. నేల కింద నీళ్లకు మాత్రం ఉచిత కరెంటుకూ దానికీ తేడా లేదు, ఎండ ఉన్నంతసేపూ తోడుతూనే ఉంటుంది. మిగిలిన కరెంటును గ్రిడ్డుకు అమ్ముకునే వీలుంటేనే సంగతి మారుతుంది. గుజరాత్ ఖేడా జిల్లాలో ఢుండీ అనే ఊళ్లో రైతులు 2016లో సోలార్ సహకార సంఘం పెట్టుకుని కరెంటు అమ్మడం మొదలుపెట్టారు, మోటారు ఆపితే డబ్బు వస్తుందంటే అనవసరంగా నీళ్లు ఎవరు పారిస్తారు? 2019లో కేంద్రం తెచ్చిన కుసుమ్ పథకంలో గ్రిడ్డుకు కలిపే పద్ధతి కూడా ఉంది. మీ కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) రైతు దగ్గర కొంటున్నారా, ఏ రేటుకు కొంటున్నారో కనుక్కున్నాకే తమ్ముణ్ని ముందుకెళ్లమనండి. అమ్ముకునే దారి లేకపోతే ఉన్న మోటారుతోనే నడిపించుకోండి, ఆటో స్టార్టరు ఉంటే తీసేయండి.

ఎండిన బోరులోకి పొలం నీళ్లు నేరుగా వదలొద్దు. వాటితోపాటు పురుగుమందులు, ఎరువులు, బురద అన్నీ పోతాయి, పగుళ్లు పూడిపోతాయి, ఒకసారి పాడైన నీళ్లను బాగుచేయడం మన చేతిలో ఉండదు. కేసింగ్ చుట్టూ గొయ్యి తీసి, కేసింగ్‌కు సన్నని బెజ్జాలు పెట్టి మెష్ చుట్టి, గోతిలో అడుగున పెద్దరాళ్లు, మీద కంకర, ఆ మీద ఇసుక వేయాలి. ఆ గోతికి ముందు ఇంకో చిన్న గొయ్యి ఉంటే మట్టి అక్కడే దిగిపోతుంది. ఏటా వానలకు ముందు పై ఇసుక తీసి కడగాలి, లేకపోతే రెండేళ్లలో పూడిపోతుంది. దీనికన్నా ముందు మీ పొలానికి ఎగువన చెరువుందా, కుంటుందా, అందులో పూడిక తీసి ఎన్నాళ్లయిందో చూడండి. మిషన్ కాకతీయలో తీసినవి కూడా కొన్ని మళ్లీ పూడుతున్నాయి. నిండిన చెరువు కింద బావులు ఊరినంతగా ఏ ఇంకుడు గుంత వల్లా ఊరవు. పాడుబడిన బోర్లు వాడేది లేకపోతే మూతలు బిగించండి, పిల్లలు పడే ప్రమాదం ఉంది.

మీది నల్గొండ కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన లోతు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువ ఉండే అవకాశం ఉంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. మర్రిగూడ వైపు ఊళ్లలో వంగిపోయిన ఎముకలతో బతికిన మనుషుల్ని మీ జిల్లాలో అందరూ చూసే ఉంటారు. ఇంటికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నా పొలం దగ్గర పనిచేసేటప్పుడు బోరు నీళ్లే తాగడం చాలామందికి అలవాటు. నాన్నగారికి, కూలీలకు ఇంటి నుంచి నీళ్లు తీసుకెళ్లడం అలవాటు చేయండి, బోరు నీళ్లు ఒక శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి జిల్లా నీటి పరీక్ష ల్యాబ్‌లో ఇవ్వండి. రిపోర్టు వచ్చాక అంకెలు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.